దయ చూపారు, ఆర్డరు మాత్రం ఇవ్వలేదు

ఒడిశాలోని పర్లాకిమిడి చుట్టుపక్కల ప్రభుత్వాఫీసుల్లో, బళ్ళలో పనిచేసే వికలాంగులు నా దగ్గరికి తెచ్చే కాగితాలు పేరుకి ఫిర్యాదులు. విప్పి చూస్తే అన్నీ దండాలు. “తమరు పెద్ద మనసు చేసుకుని”, “నా దీనస్థితి కనిపెట్టి”, “జన్మంతా రుణపడి ఉంటాను”. మెట్లెక్కలేని మనిషికి మేడమీద సీటు వేశారు. వినికిడి లేని మనిషిని ఫోను దగ్గర కూర్చోబెట్టారు. జరిగింది చట్ట ఉల్లంఘన. కాగితంలో మాత్రం చట్టం ఊసుండదు, ఎవరు ఏ తేదీన ఏం చేశారో ఉండదు, ఏం చెయ్యమని అడుగుతున్నారో కూడా సరిగ్గా ఉండదు. అలాంటి కాగితానికి ఆఫీసు నుంచి వచ్చే జవాబూ దయే. పెద్దసారు పిలిచి, కుర్చీ చూపించి, “సరేలే, రేపట్నుంచి కిందే కూర్చో, నేను చూసుకుంటాను” అంటాడు. ఆ మనిషి కళ్ళనీళ్ళు పెట్టుకుని ఇంటికొస్తాడు. ఫైలులో ఒక్క అక్షరం పడదు.

ఈ దయ మీద నాకు చాలా కోపం ఉంది. వికలాంగ ఉద్యోగికి రావలసినది రాకుండా అడ్డుపడుతున్నవాటిలో క్రూరత్వం కన్నా ఇదే పెద్దదని నా నమ్మకం. పదిమందిలో అవమానించిన అధికారి మీద కేసు పెట్టొచ్చు. నోటిమాటతో మేలు చేసినవాణ్ణి ఏమని నిలదీస్తాం?

నేను ఉద్యోగమంతా ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లోనే చేసి రిటైరయ్యాను. సర్వీసు పుస్తకాలు, సెలవులు, ఇంక్రిమెంట్లు, బదిలీలు, మెమోలు, వాటికి జవాబులు, ఇదే నా లోకం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, ఆఫీసులో నోటు రాసేది ఒడియాలో, ఇంగ్లీషులో. అందుకే గుణుపురం నుంచి, కాశీనగరం నుంచి, ఒక్కోసారి బరంపురం నుంచి కూడా మనవాళ్ళు కాగితాలు పట్టుకుని వస్తారు. వీళ్ళలో టీచర్లున్నారు, అటెండర్లున్నారు, అటవీ శాఖలో గార్డులున్నారు, పోస్టాఫీసువాళ్ళున్నారు. ఈ రాతంతా వాళ్ళ కాగితాలు చదవగా చదవగా పుట్టింది.

ఒక టీచరమ్మ సంగతి చెబుతాను. ఆవిడది రేచీకటితో మొదలై, చూపు నాలుగు వైపుల నుంచీ కుంచించుకుపోయే జబ్బు. ఎదురుగా ఉన్న మొహం కనబడుతుంది, పక్కనున్న బెంచీ కనబడదు. పిల్లలకి ఎక్కాలూ కథలూ పద్యాలూ నోటితోనే చెప్పేవారు. ఆవిడ దగ్గర చదివిన పిల్లలు చకచకా లెక్కలు చేస్తారని ఊళ్ళో పేరు. అప్పటి హెడ్మాస్టారు మంచివాడు. రిజిస్టర్లు వేరే టీచరు చేత రాయించేవాడు, మధ్యాహ్న భోజనం లెక్కలు తనే చూసుకునేవాడు, ఓటర్ల జాబితా పని మీద ఇంటింటికీ తిరిగే డ్యూటీ పడితే మాట్లాడి తప్పించేవాడు. ఇలా ఏళ్ళు గడిచాయి. ఆయన రిటైరయ్యాడు. కొత్తగా వచ్చినాయన దుర్మార్గుడేమీ కాదు, పద్ధతి మనిషి. “అందరికీ సమానంగా పని పంచుతాను, మీకు మినహాయింపు ఉంటే ఆర్డరు చూపించండమ్మా” అన్నాడు. ఆవిడ దగ్గర ఆర్డరు లేదు. ఆన్‌లైన్ వివరాలు ఎక్కించే పని ఆవిడకి పడింది. తప్పులు వచ్చాయి. విధుల్లో అలసత్వం అని మెమో వచ్చింది.

ఆ మెమో పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

“పాత హెడ్మాస్టారు దేవుడండీ బాబూ. ఈయనకే నా బాధ అర్థం కాలేదు.”

“ఆ దేవుడు కాగితం మీద ఏటైనా రాసిచ్చారా అమ్మా?”

“కాగితం ఎందుకండీ? ఆయన మాటే చాలు కదా.”

మాట చాల్లేదు. నోటిమాట మీద నడిచే వెసులుబాటు అద్దె ఇంట్లో కాపురం లాంటిది. యజమాని మారగానే సామాను వీధిలో ఉంటుంది. పాత హెడ్మాస్టారు ఒక్క పేజీ నోటు, “ఈ టీచరుకి ఫలానా చూపు లోపం ఉన్నది, రాత రిజిస్టర్లకు బదులుగా ఈమెకు రెండు తరగతుల నోటి బోధన అదనంగా అప్పగించడమైనది” అని రాసి, బ్లాకు విద్యాధికారి సంతకం వేయించి ఉంటే, ఆ మెమో పుట్టే అవకాశమే లేదు. పుట్టినా నిలబడదు. ఆవిడ అప్పటిదాకా పనిలో ఎవరికన్నా తక్కువ చెయ్యలేదన్న సంగతికి కూడా అదే సాక్ష్యమయ్యేది. దయ వల్ల ఆవిడ పని తప్పించుకున్న మనిషిగా మిగిలారు. ఆర్డరు ఉంటే పని మార్చుకున్న మనిషిగా ఉండేవారు. ఈ తేడా ఒక ఉద్యోగి పరువుకి ఎంత ముఖ్యమో సెక్షన్లలో కూర్చున్నవాళ్ళకి తెలుసు.

ఇక చట్టం. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వ ఉద్యోగి ముందుగా తెలుసుకోవలసినది 20వ సెక్షన్‌లోనూ 23వ సెక్షన్‌లోనూ ఉంది. 20వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సంస్థ ఏదీ ఉద్యోగ విషయంలో వైకల్యాన్ని బట్టి వివక్ష చూపకూడదు. వికలాంగ ఉద్యోగికి తగిన సర్దుబాటు (పనిలో, చోటులో అవసరమైన మార్పు) చెయ్యాలి, అడ్డంకులు లేని వాతావరణం కల్పించాలి. వైకల్యం ఉందన్న ఒక్క కారణంతో ప్రమోషను ఆపకూడదు. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. ఉన్న పోస్టుకి పనికిరాకపోతే అదే జీతం, అవే ప్రయోజనాలతో వేరే పోస్టులోకి మార్చాలి. అలాంటి పోస్టు దొరక్కపోతే అది దొరికేదాకా, లేదా రిటైరయ్యేదాకా, అదనపు పోస్టు సృష్టించి ఉంచాలి. తగిన సర్దుబాటు నిరాకరించడం కూడా వివక్షేనని ఈ చట్టంలో వివక్షకిచ్చిన నిర్వచనంలోనే రాసి ఉంది. ప్రభుత్వ సంస్థ అంటే సచివాలయ శాఖలు మాత్రమే అనుకోనక్కర్లేదు. ప్రభుత్వ కంపెనీలు, కార్పొరేషన్లు, మునిసిపాలిటీలు, పంచాయతీలు, ప్రభుత్వ సహాయంతో నడిచే సంస్థలు, అన్నీ వస్తాయి.

23వ సెక్షన్ దగ్గర కాస్త ఆగాలి. ప్రతి ప్రభుత్వ సంస్థా ఒక ఫిర్యాదుల పరిష్కార అధికారిని నియమించాలి. ఆ నియామకం సంగతి వికలాంగుల కమిషనరుకి తెలియజెయ్యాలి. 20వ సెక్షన్ అమలు కాలేదని ఎవరైనా ఆ అధికారికి ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఆయన విచారించి, సరిదిద్దే చర్య తీసుకోమని సంస్థని అడగాలి. ఆయన ఒక రిజిస్టరు పెట్టాలి. రిజిస్టరులో నమోదైన రెండు వారాల్లో విచారణ జరగాలి. 2017 నాటి కేంద్ర నిబంధనలు ఈ అధికారి గెజిటెడ్ స్థాయికి తగ్గకూడదనీ, అలాంటివారు దొరక్కపోతే ఉన్నవారిలో అందరికన్నా సీనియర్‌ని పెట్టుకోవచ్చనీ చెబుతున్నాయి. రిజిస్టరులో ఏ గళ్ళుండాలో కూడా చెప్పాయి: ఫిర్యాదు తేదీ, ఇచ్చినవారి పేరు, విచారించేవారి పేరు, జరిగిన చోటు, ఎవరి మీద, సారాంశం, ఆధారాలు, పరిష్కరించిన తేదీ. (చట్టం రాతలోనే ఒక పొరపాటు దొర్లింది. 23వ సెక్షన్ మొదటి వాక్యం ఈ అధికారిని “19వ సెక్షన్ కోసం” నియమించాలంటుంది. 19వది వృత్తి శిక్షణ, స్వయం ఉపాధికి సంబంధించినది. ఎవరైనా దాన్ని పట్టుకుని తప్పించుకోబోతే ఆ కిందనే ఉన్న రెండో ఉపసెక్షన్ చూపించండి. అక్కడ 20వ సెక్షన్ అనే స్పష్టంగా ఉంది.)

రెండు వారాల గడువు ఫిర్యాదు ఇచ్చిన రోజు నుంచి లెక్కకు రాదు, నమోదైన రోజు నుంచి వస్తుంది. రిజిస్టరే లేని ఆఫీసులో ఏ గడువూ మొదలుకాదు. పెద్దసారు కుర్చీ చూపించి మంచి మాట చెప్పి పంపినప్పుడు నష్టం ఇక్కడే జరుగుతోంది. ఫిర్యాదు పుట్టలేదు కాబట్టి విచారణ లేదు, విచారణ లేదు కాబట్టి అప్పీలుకి ఆధారం లేదు. ఆ ఆఫీసు ఏడాది చివర లెక్క పంపేటప్పుడు “వికలాంగ ఉద్యోగుల ఫిర్యాదులు: లేవు” అని రాస్తుంది. చదివినవాళ్ళు అక్కడ అందరూ సుఖంగా ఉన్నారనుకుంటారు.

నమోదైన ఫిర్యాదులు ఏమవుతున్నాయో కూడా చెప్పాలి. నేను చూసినంతలో నాలుగు దారులు పడుతున్నాయి, నాలుగూ తప్పుడు దారులే.

ఎక్కువగా జరిగేది, ఫిర్యాదు ఎవరి మీదో వాళ్ళకే రిమార్కుల కోసం వెళ్ళడం. ఒక సెక్షన్ అధికారి తనకి తగిన సర్దుబాటు చెయ్యలేదని ఒక గుమాస్తా రాస్తాడు. ఆ కాగితం మీద “పరిశీలించి నివేదిక ఇవ్వండి” అని రాసి మళ్ళీ ఆ అధికారికే పంపుతారు. ఆయన “ఆరోపణలు నిరాధారం” అని రాస్తాడు. దాన్ని జవాబుగా గుమాస్తాకి ఇస్తారు. ఎదుటివాళ్ళ మాట వినాల్సిందే, అది న్యాయం. విచారణ మాత్రం మూడో మనిషి చెయ్యాలి. సీటు చూడాలి, మెట్లు చూడాలి, పని ఎవరికెంత పంచారో హాజరు పుస్తకం పక్కన పెట్టుకుని చూడాలి. ఇందులో పెద్ద కష్టమేమీ లేదు, ఒక పూట పని.

ఇంకో దారి మెడికల్ బోర్డుకి పంపడం. ఫిర్యాదు చేసిన వారం తిరక్కుండానే “మీ సర్టిఫికెట్‌ని మళ్ళీ పరీక్ష చేయించుకుని రండి” అని ఉత్తరం వస్తుంది. మా వైపు నుంచి అంటే బరంపురం మెడికల్ కాలేజీకి. కాలు లాక్కుంటూ నడిచే మనిషి బస్సులు మారుతూ వెళ్ళాలి, ఇవాళ బోర్డు లేదంటే మళ్ళీ వెళ్ళాలి. అవతల ఆంధ్రలో, పాతపట్నంలో ఉన్న చుట్టాలు సదరం అనే వైకల్య సర్టిఫికెట్ గురించి చెప్పుకునే కష్టాలే ఇక్కడ యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డుకీ ఉన్నాయి. దొంగ సర్టిఫికెట్ల బెడద లేదని నేననను. 2024లో మహారాష్ట్రలో ఒక ట్రైనీ ఐఏఎస్ అధికారి అభ్యర్థిత్వాన్ని యూపీఎస్సీ రద్దు చేసిన వ్యవహారం తర్వాత నిజమైన వికలాంగుల్ని కూడా జనం అనుమానంగా చూస్తున్నారు. కానీ మోసానికి చట్టంలో వేరే సెక్షన్ ఉంది. 91వ సెక్షన్ కింద రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అనుమానం ఉంటే ఆ దారిలో వెళ్ళాలి. ఏళ్ళ తరబడి సర్వీసు పుస్తకంలో అంటించి ఉన్న సర్టిఫికెట్ మీద, ఉద్యోగి నోరు విప్పిన వారంలోనే అనుమానం పుట్టిందంటే దాన్ని కక్ష అనే అనాలి.

మూడోది, నలభై శాతం లేదనడం. వైకల్యం నలభై శాతం ఉంటేనే రిజర్వేషన్ లాంటివి వర్తిస్తాయి, నిజమే. తగిన సర్దుబాటు అడగడానికి ఆ నలభైతో పనిలేదని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో తేల్చి చెప్పింది. రాసేటప్పుడు చెయ్యి పట్టేసే జబ్బున్న అభ్యర్థికి, సివిల్ సర్వీసెస్ పరీక్షలో వేరేవాళ్ళ చేత రాయించుకునే వీలు ఇవ్వాలా వద్దా అన్నది అక్కడి ప్రశ్న. ఆ తీర్పు వచ్చి ఇన్నేళ్ళయినా మా ఆఫీసుల్లో “శాతం ఎంత?” అన్నదే మొదటి ప్రశ్న. ముప్పై శాతం వినికిడి లోపం ఉన్న మనిషిని గోడ వైపు తిప్పి కూర్చోబెట్టకుండా గుమ్మం వైపు తిప్పి కూర్చోబెట్టడానికి శాతం ఎందుకు?

నాలుగోది నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది. ఫిర్యాదుని బదిలీగా మార్చడం. ఒక అటెండరు అక్క, పోలియో కాలు. ఆఫీసు మేడమీదికి మారాక రోజుకి పదిసార్లు ఫైళ్ళు మోసుకుని మెట్లెక్కించారు. కింద రికార్డు గదిలో పని ఇమ్మని అడగాలనుకుంది. ఆవిడకి ఒడియా మాట్లాడ్డం వచ్చు, రాయడం రాదు. ఆఫీసులోనే ఒకాయన రాసిపెట్టాడు. సంతకం పెట్టి ఇచ్చింది. కొన్నాళ్ళకి ఆర్డరు వచ్చింది, మోహనా బ్లాకుకి బదిలీ, “ఉద్యోగి స్వంత అభ్యర్థన మేరకు” అని. అర్జీ నకలు తెప్పించి చూస్తే అందులో అలాగే ఉంది: అనుకూలమైన ఏ చోటికైనా మార్చమని ప్రార్థిస్తున్నానని. రాసినాయన కుట్ర చేశాడని నేననుకోను. ఆఫీసులో ఇబ్బందంటే బదిలీ అడగడమే అని ఆయన బుర్రలో ఉంది, అదే రాశాడు. స్వంత అభ్యర్థన అయిపోయింది కాబట్టి ప్రయాణ భత్యం కూడా రాలేదు. ఒడిశాలో 1954 నుంచీ ఒడియా అధికార భాష, అందులో తప్పేమీ లేదు, ఇక్కడ బతికేవాళ్ళం నేర్చుకోవలసిందే. కానీ ఫిర్యాదు చేసే మనిషికి తన పేరున ఏం రాశారో తన భాషలో చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలని ఒక చిన్న నియమం పెట్టుకోవడానికి ఏ ఆఫీసుకీ ఖర్చవ్వదు. నా దగ్గరికి వచ్చినవాళ్ళకి రాసింది మొత్తం తెలుగులో చదివి వినిపించి, మళ్ళీ వాళ్ళ నోట చెప్పించుకున్నాకే సంతకం పెట్టనిస్తాను.

ఆఫీసర్ల వైపు నుంచి కూడా ఆలోచించాలి. ఒక బ్లాకు ఆఫీసులో మంజూరైన పోస్టులు ఆరుంటే పనిచేసేది ముగ్గురు. అందులో ఒకరికి పరుగులు పెట్టే పని ఇవ్వకూడదంటే మిగిలిన ఇద్దరి మీద పడుతుంది. వాళ్ళకీ ఇళ్ళున్నాయి, వాళ్ళకీ ఒళ్ళు నొప్పులున్నాయి. వాళ్ళ విసుగు చివరికి వికలాంగ ఉద్యోగి మీదికే మళ్ళుతుంది: “నీకేంటి, కూర్చునే ఉద్యోగం.” ఈ మాట పడ్డవాళ్ళు ఎంతమందో నాకు తెలుసు. చట్టం కూడా ఈ సంగతి పట్టించుకుంది. మితిమీరిన భారం కానంత వరకే సర్దుబాటు చెయ్యాలంది. అయితే భారం అనుకున్న అధికారి అది ఏ భారమో కాగితం మీద పెట్టాలి. ఎన్ని పోస్టులు, ఎవరికి ఏ పని, ఏ సర్దుబాటు ఎందుకు కుదరదు, దానికి బదులుగా ఏది కుదురుతుంది. అలా రాయడం మొదలుపెట్టగానే సగం అభ్యంతరాలు వాటంతటవే కరిగిపోవడం నా ఉద్యోగంలో చూశాను. పని పంపకం రాతపూర్వకంగా చేస్తే, పరుగుల పనికి బదులు ఆ మనిషి ఏ కూర్చునే పని అదనంగా చేస్తున్నాడో తోటివాళ్ళకి కూడా కనబడుతుంది. నోటిమాట దయలో అది కనబడదు, ఒకరికి చేసిన ఉపకారం మాత్రమే కనబడుతుంది.

ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవాళ్ళ సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే వీళ్ళసలు ఫిర్యాదే చెయ్యరు. కొండ ప్రాంతాల్లో తిరిగే గార్డుకి కాలు పోతుంది, షుగరుతో గుమాస్తాకి చూపు పోతుంది, పక్షవాతంతో చెయ్యి పడిపోతుంది. ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించి, ఉద్యోగం ఎలాగూ పోతుంది, స్వచ్ఛందంగా రిటైరై కొడుక్కో భార్యకో ఉద్యోగం అడుగుదాం అనుకుంటారు. ఆఫీసులో బొడొబాబు (హెడ్ క్లర్కు) కూడా అదే సలహా ఇస్తాడు, మనస్ఫూర్తిగా, మేలు కోరే. పంజాబు విద్యుత్ బోర్డులో చూపు పోయిన భగవాన్ దాస్ అనే లైన్‌మన్ విషయంలో అచ్చంగా ఇదే జరిగింది. తనని రిటైర్ చేసి భార్యకి ఉద్యోగం ఇవ్వమని ఆయన రాసిన ఉత్తరాన్ని పట్టుకుని బోర్డు ఆయన్ని పంపేసింది. 2008లో సుప్రీంకోర్టు ఆ పని చెల్లదంది. తన హక్కు తెలియని ఉద్యోగి అలాంటి ఉత్తరం రాస్తే, చట్టం ఏం చెబుతోందో అతనికి విడమరిచి చెప్పడం పై అధికారుల బాధ్యత అంది. అప్పటికున్నది 1995 నాటి పాత చట్టం, అందులో 47వ సెక్షన్. అంతకు ముందు 2003లోనే, విధుల్లో గాయపడి కాలు కోల్పోయిన కునాల్ సింగ్ అనే కానిస్టేబుల్ కేసులో కూడా అదే సెక్షన్ కింద ఉద్యోగిని కాపాడింది. 2025 ఆగస్టులో తెలంగాణ ఆర్టీసీ కేసు వచ్చింది. రంగులు గుర్తుపట్టలేడని తీసేసిన డ్రైవరుకి వేరే తగిన ఉద్యోగం ఇవ్వమని తీర్పు. మనసు జబ్బుల సంగతీ అంతే. 2021 డిసెంబరులో సీఆర్‌పీఎఫ్ అధికారి రవీందర్ కుమార్ ధారీవాల్ కేసులో, క్రమశిక్షణ చర్యకి దారితీసిన కారణాల్లో మానసిక వైకల్యం ఒకటైనా చట్టం రక్షణ ఉంటుందని చెప్పింది. తాగుబోతు, తిక్కమనిషి, చెప్పిన మాట వినడు అని ఛార్జిషీటు ఇచ్చేముందు ఆ ఉద్యోగి ఏ డాక్టరు దగ్గర మందులు వాడుతున్నాడో కనుక్కోవలసిన బాధ్యత ఆఫీసు మీద ఉంది.

మా ఊరికి గిడుగు రామ్మూర్తి పంతులుగారంటే ఎంత గౌరవమో చెప్పనక్కర్లేదు. ఈ ఊళ్ళోనే టీచరు ఉద్యోగం చేశారు. సవరల భాష నేర్చుకోవడానికి కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, క్వినైన్ వాడకంతో వినికిడి పోగొట్టుకున్నారు. ఆ చెవుడుతోనే సవర భాషకి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. చెవులతో విని పట్టుకోవలసిన భాషకి, చెవులు సరిగా వినపడని మనిషి. ఆయన జయంతికి దండలు వేసే ఊళ్ళో, వినికిడి లోపం ఉన్న గుమాస్తాని ఫోను డ్యూటీలో పెట్టి, “ఫోనులు సరిగా ఎత్తడం లేదు” అని సంజాయిషీ అడిగిన కాగితం నా చేతుల్లోకి వచ్చింది. చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కింద న్యాయం జరక్కపోతే పైకి వెళ్ళొచ్చు కదా అంటారు. వెళ్ళొచ్చు. అంతర్గత అధికారి చర్యతో తృప్తి లేకపోతే వికలాంగుల జిల్లా స్థాయి కమిటీకి వెళ్ళొచ్చు. రాష్ట్ర ఉద్యోగులైతే భువనేశ్వర్‌లో రాష్ట్ర కమిషనరుకి, రైల్వే, తపాలా లాంటి కేంద్ర ఉద్యోగులైతే ఢిల్లీలో ఛీఫ్ కమిషనరుకి రాసుకోవచ్చు. కమిషనరు ఇచ్చేది సిఫారసు. దాన్ని అందుకున్న అధికారి మూడు నెలల్లో చర్య తీసుకుని చెప్పాలి, లేదా ఎందుకు ఒప్పుకోవడం లేదో కారణం చెప్పాలి, ఆ కారణం ఫిర్యాదుదారుకి కూడా తెలియాలి. కోర్టులా స్టే ఇచ్చే అధికారం కమిషనరుకి లేదని పాత చట్టం కింద 2010లోనే సుప్రీంకోర్టు అంది. ఒడిశాలో పరిపాలనా ట్రిబ్యునల్‌ని 2019లో ఎత్తేశారు, 2023 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అంటే ఇప్పుడు రాష్ట్ర ఉద్యోగికి మిగిలిన న్యాయస్థానం కటక్‌లోని హైకోర్టు. మహేంద్రతనయ ఒడ్డునుంచి మహానది ఒడ్డుకి దాదాపు 300 కిలోమీటర్లు. వకీలు ఫీజు, బస, తోడు వచ్చే మనిషి ఖర్చు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషికి ఏ బస్సులో ఎక్కాలన్నదే మొదటి సమస్య. కలెక్టరు, ఎస్పీ కలిసి జరిపే జాయింట్ గ్రీవెన్స్‌లో ఇస్తే, ఆ కాగితం ముద్ర వేయించుకుని మళ్ళీ అదే ఆఫీసుకి వస్తుంది.

ఇంత దూరం, ఇంత ఖర్చు కాబట్టే ఆఫీసులో ఉండే ఆ ఒక్క అధికారీ, ఆ ఒక్క రిజిస్టరూ గట్టిగా పనిచెయ్యాలని నేను పట్టుబడుతున్నాను. ఢిల్లీకి, భువనేశ్వర్‌కి దగ్గరగా ఉన్నవాళ్ళకి ఇది నాలుగు మెట్లలో ఒక మెట్టు. మా సరిహద్దు జిల్లాల్లో చాలామందికి ఇదొక్కటే మెట్టు.

కాబట్టి ఫిర్యాదు రాసేటప్పుడు దండాలు తీసెయ్యండి. మర్యాద ఉంచండి, దండాలు తీసెయ్యండి. నాకున్న వైకల్యం ఇది, సర్టిఫికెట్ నంబరు ఇది. నాకప్పగించిన పని ఇది, అందులో నాకడ్డొస్తున్నది ఇది. ఈ సర్దుబాటు చేస్తే ఆ పని, లేదా దానికి సమానమైన ఫలానా పని, పూర్తిగా చెయ్యగలను. 20వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ ప్రకారం అడుగుతున్నాను, 23వ సెక్షన్ ప్రకారం నమోదు చేసి నంబరు ఇవ్వండి, రాతపూర్వకంగా ఆర్డరు ఇవ్వండి. రెండు ప్రతులు తీసుకెళ్ళి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర వెయ్యం అని అంటే స్పీడు పోస్టులో పంపండి. పెద్దసారు పిలిచి మంచి మాట చెబితే సంతోషించండి, కృతజ్ఞత చెప్పండి, ఇంటికొచ్చి “ఈ రోజు తమరు ఫలానా వెసులుబాటు ఇస్తామన్నారు, దయచేసి ఆర్డరుగా ఇప్పించండి” అని మళ్ళీ ఒక కాగితం పెట్టండి. ఆయన నొచ్చుకుంటారేమోనని భయపడతారు, నాకు తెలుసు. నిజంగా మేలు కోరే అధికారి నొచ్చుకోడు. తను బదిలీ అయ్యాక కూడా తన మంచితనం ఆ కుర్చీలో ఉండిపోతుందని తెలిస్తే సంతోషిస్తాడు.

పదిమంది ముందు అవమానించిన సందర్భమైతే దారి వేరు. అందరూ చూసే చోట వికలాంగుణ్ణి కావాలని కించపరిస్తే 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి అయిదేళ్ళ దాకా జైలు ఉంది. దాన్ని అంతర్గత రాజీ సమావేశంలో టీ ఇచ్చి చల్లార్చే అధికారం ఏ ఆఫీసుకీ లేదు.

టీచరమ్మ విషయంలో మెమోకి జవాబు, 23వ సెక్షన్ కింద ఫిర్యాదు ఒకే రోజు ఇచ్చాం. ఫిర్యాదు ఎవరికివ్వాలో చెప్పేవాళ్ళు లేరు. ఆ పేరున అధికారిని నియమించిన సంగతి అక్కడ ఎవరూ విననేలేదు. అందుకే సమాచార హక్కు చట్టం కింద ఇంకో కాగితం పెట్టాం. మీలో ఎవరు ఏ ప్రభుత్వాఫీసులో పనిచేస్తున్నా, మీకు వైకల్యం ఉన్నా లేకపోయినా, ఈ కాగితం మీ ఆఫీసుకి ఒకటి పెట్టమని అడుగుతున్నాను. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. అడగవలసినవి ఇవి: ఈ కార్యాలయంలో వికలాంగుల హక్కుల చట్టం 23వ సెక్షన్ కింద నియమించిన ఫిర్యాదుల పరిష్కార అధికారి పేరు, హోదా, నియామక ఉత్తర్వు నకలు. ఆ నియామకాన్ని రాష్ట్ర కమిషనరుకి తెలియజేసిన ఉత్తరం నకలు. 21వ సెక్షన్ కింద ప్రకటించిన సమాన అవకాశాల విధానం నకలు. ఫిర్యాదుల రిజిస్టరులో ఇప్పటివరకు ఉన్న పేజీల నకళ్ళు, ఫిర్యాదుదారుల పేర్లు కనబడకుండా. ఒడియాలో రాయడం రానివాళ్ళకి నేను రాసిపెడతాను. చదివి వినిపించాకే సంతకం.